కుంచె చేసిన హారం

మా స్టూడియో బోర్డు మీద అన్నయ్య పేరుంటుంది. ఫోటోలు నేను తీస్తాను, రంగులు వదిన వేస్తుంది. ఫోటోలు కడిగే మందుల వాసనకు తల తిరుగుతుందని అన్నయ్య చీకటి గదిలోకి రాడు. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళతో ఎండావానల గురించి మాట్లాడుతుంటాడు.

గుర్రబ్బళ్ళ కాలం అది. ఫోటోకి కూర్చున్నవాళ్ళ తల కదలకుండా వెనక ఇనుప కొక్కెం బిగించేవాళ్ళం. అది బిగించేసరికి జనానికి ఎక్కడలేని కబుర్లూ గుర్తొచ్చేవి. అవి విని విని నాకూ వదినకూ దొంగల్ని పట్టే అలవాటు అబ్బింది. పాలవాడి పోయిన గుర్రాన్నీ, డాక్టరు గారి రెండో సంసారాన్నీ కనిపెట్టింది మేమే. అందుకు ఇన్‌స్పెక్టరు గారు మమ్మల్ని మెచ్చుకోవాలి. మెచ్చుకోరు.

ఆ రోజు ఆయన ఒక ఫోటో పట్టుకొచ్చారు. మిల్లు యజమాని భార్యది, మేం తీసిందే. మెడలో పచ్చల హారం.

"పనిమనిషి కొట్టేసింది. ఫోటో తీయించుకొచ్చిన మర్నాడే హారం మాయం. మీరు కోర్టుకొచ్చి ఈ ఫోటో మాదేనని చెబితే చాలు" అన్నారు.

"ఎవరు, పిచ్చుకా?" అన్నాను. యజమానురాలి గొడుగు పట్టుకొచ్చే బక్కపిల్లను అందరూ అలాగే పిలుస్తారు.

"అదే. రుజువైతే ఏళ్ళ తరబడి జైలు."

ఆయన వెళ్ళాక వదిన కుంచె కింద పెట్టింది. "ఆ పచ్చలు నేను పెట్టినవే కదే" అంది.

నిజమే. ఊళ్ళో గోడల మీద ఉన్న నగల్లో సగం వదిన కుంచెలోంచి వచ్చినవే. బోసి మెడతో వచ్చినవాళ్ళు ఫలానా నగ వేయమంటారు, వదిన వేస్తుంది. ఎందుకని మేం అడగం. మిల్లావిడ మాత్రం అడక్కుండానే చెప్పింది, హారం కొక్కెం వదులైందనీ కంసాలికి ఇచ్చాననీ.

కంసాలి దగ్గరికి వెళ్ళాం. "హారం బాగైందేమో కనుక్కుందామని వచ్చాం" అంది వదిన, అమాయకురాలిలా.

"ఏ హారం? ఆవిడ నా గుమ్మం తొక్కి ఏళ్ళయింది" అన్నాడు.

ఇక ఆవిడ బోసి మెడతో కూర్చున్నట్టు చూపించే, ఫోటో తీసిన అసలు గాజు ప్లేటు కావాలి. పాత ప్లేట్ల మీది బొమ్మలు గీకేసి అన్నయ్య వాటిని తోటమాలికి, మొక్కల మీద అద్దాల కప్పుకని ఇచ్చేశాడు. ఆ కప్పు కింద ఇప్పుడు దోసకాయలు కాస్తున్నాయి. ఆ మొక్కల్ని సాక్ష్యానికి పిలవలేం.

కోర్టులో బోనులో పిచ్చుక తల మాత్రమే కనిపించింది. ముందు వరసలో ఊళ్ళోని పెద్దింటి ఆడవాళ్ళంతా కూర్చున్నారు. అందరూ మా ఖాతాదారులే.

"ఆ హారం నేను రంగుతో వేసిందండీ. తడి దూదితో తుడిస్తే పోతుంది" అంది వదిన.

మిల్లావిడ వకీలు లేచాడు. "మాకున్న సాక్ష్యం ఇదొక్కటే. ఈవిడ మాట నమ్మి దీన్ని తడపమంటారా? లేని నగలు వేయడం వీళ్ళ అలవాటైతే ఇంకో ఫోటో చూపించమనండి."

న్యాయంగానే ఉందన్నారు మేజిస్ట్రేటు గారు. ముందు వరస మొత్తం పైకప్పు వంక చూసింది. మేజిస్ట్రేటు గారి భార్య జుట్టు చెవుల మీదికి లాక్కుంది. ఆవిడ రవ్వల దుద్దులు వదిన రెండు పూటలు కూర్చుని వేసింది. ఒక్క పేరు చెబితే పిచ్చుక బయటపడుతుంది, మా స్టూడియో మూతపడుతుంది.

వదిన పిచ్చుక వంక చూసింది.

"మా ఇంట్లో ఒకటుందండీ. నా పెళ్ళి ఫోటో" అంది.

అన్నయ్య వెళ్ళి తెచ్చాడు. అందులో వదిన మెడలో రెండు పేటల గొలుసుంది. ఆ గొలుసు మా అందరికీ తెలుసు. కోడలికి పెళ్ళిలో పెట్టాననీ, వచ్చిన ఏడాదికే పోగొట్టుకుందనీ మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఎంతమంది ముందు చెప్పినా వదిన మారుమాట్లాడలేదు.

వదిన దూది తడిపి తుడిచింది. పెళ్ళి పూలు అలాగే ఉన్నాయి, చీర అంచు అలాగే ఉంది. గొలుసు దూదికి పసుపుపచ్చగా అంటుకొచ్చింది.

"నేను మొట్టమొదట వేసింది ఇదేనండీ. మా అత్తగారు వేయమన్నారు."

అన్నయ్య నేల చూపులు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో దొంగల్ని పట్టినదాన్ని, ఇన్నేళ్ళూ పక్కనే కూర్చుని ఆ గొలుసు ఏమైందని ఒక్కసారీ అడగలేదు.

తర్వాత మిల్లావిడ ఫోటో తుడిచారు. బోసి మెడ. తన తమ్ముడు అడిగితే హారం ఎప్పుడో ఇచ్చేశాననీ, అత్తగారు నిలదీసేసరికి భయపడి పిచ్చుక మీదికి తోశాననీ ఆవిడ ఒప్పుకుంది. పిచ్చుక బోను దిగి, ఏడుస్తూ వదిన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికి రాగానే వదిన పెళ్ళి ఫోటోను దాని మేకుకే తగిలించింది. అమ్మ భోజనానికి వస్తూ ఆగింది.

"గొలుసేదే?"

"కోర్టులో కడిగేశానత్తయ్యా."

అమ్మ కాసేపు ఫోటో వంకా, కాసేపు మా వంకా చూసింది. "సరేలే, రంగులున్నాయిగా. మళ్ళీ వేసుకో" అంది.

"వద్దత్తయ్యా," అంది వదిన, కంచాలు పెడుతూ. "మళ్ళీ పోగొట్టుకుంటాను."