మూడో దీవి పుస్తకాలు

తెల్లవారుజామున ఐదున్నరకు బడి పడవ రేవు వదిలింది. అది దాని ఆఖరి ప్రయాణం. ఆ సంగతి పడవ నడిపే సరంగుకు ముందురోజు సాయంత్రమే చెప్పారు.

చెప్పింది ధర్మసంస్థ గుమాస్తా. దీవుల్లోని బళ్లకు పుస్తకాలు, పలకలు, బెంచీలు పంపేది ఆ సంస్థే. చందాలిచ్చేవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఈ సరుకు దించి వచ్చాక పడవను అమ్మేస్తారు. గుమాస్తా ఇదంతా బల్ల మీది పేపర్‌వెయిట్‌ను తిప్పుతూ చెప్పాడు. సరంగు చివరిదాకా విని, "నాలుగో దీవి బడి కప్పు రేకులు వచ్చాయా?" అని అడిగాడు.

వచ్చాయి. గోడౌను గోడకు ఆనించి ఉన్నాయి.

ఇంట్లో ఈ మాట ఎత్తలేదు. వలల కొట్టు వెనక ఒకటే గది, దాన్ని ఆనుకుని వంటిల్లు. వంటింటి కప్పు కారుతుంది. కారేచోట భార్య గిన్నె పెడుతుంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా చేతికిస్తూ ఆమె అంది:

"లోకంలో బళ్లన్నిటికీ రేకులు మోస్తావు. మన పొయ్యి మీదికి ఒక్క ముక్క రాదు."

"అవి మనవి కావే."

"మనవి ఏవో అవన్నా తే మరి. నేనేమన్నా వద్దన్నానా?"

సరంగు నవ్వి, మోకాలికి నూనె రాసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. వాకిట్లో కళాసీ నిలబడి ఉన్నాడు. పడవలో తాళ్లు లాగడం, సరుకు ఎత్తిదించడం అతని పని. సరంగుకు బావమరిది కూడా.

పడవ ఇంజను పోయిన వానాకాలంలో చెడింది. బాగు చేయించలేదు. అప్పటినుంచి తెరచాపే దిక్కు. చాపతో నడిచే పడవకు అడుగున బరువుండాలి. ఒక్కో దీవిలో సరుకు దిగేకొద్దీ అడుగు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన మేరకు రాళ్లు వేసుకోవాలి. ఆ పనికి సరంగు ఒక పద్ధతి పెట్టాడు. సరుకు బడికి మోసుకెళ్లిన పిల్లలు తిరిగొచ్చేటప్పుడు తలా ఒక రాయి తెచ్చి పడవలో వేస్తారు. ఆ రాళ్లన్నీ నాలుగో దీవిలో దిగుతాయి. అక్కడ ఎటు తవ్వినా ఇసుకే, రాయి దొరకదు. నాలుగో దీవి బడి గోడలు మిగతా మూడు దీవుల పిల్లలు వేసిన రాళ్లతో లేచాయి.

గోడలున్నాయి, కప్పు లేదు. ఆకుల కప్పు తుఫానుకు ఎగిరిపోయింది. అక్కడ టీచరు ఒక్కతే. దాటిపోయే పడవలవాళ్లతో ఆమె కబురు పంపింది: "ఎండలో పాఠాలు చెప్పాను బాబాయ్, వానలో చెప్పలేను. ఆదివారం పొద్దున చేపల వ్యాపారి పడవ వస్తుంది. శనివారం చీకటిపడేలోపు రేకులు వస్తే ఉంటాను. రాకపోతే ఆ పడవలో వెళ్లిపోతాను."

ఇవాళ శనివారం. రేకులు పొడుగ్గా ఉండి అడుగు గదిలో పట్టలేదు. పడవ పైనే పరిచి తాళ్లతో కట్టారు.

చుక్కాని దగ్గర కూర్చుని సరంగు లెక్క ఒకటే వేసుకున్నాడు. రేకులు చేరితే ఆమె ఉంటుంది. ఆమె ఉంటే బడి ఉంటుంది. పడవ లేకపోయినా ఉంటుంది.

మొదటి దీవిలో పిల్లలు నీళ్లలోకి పరుగెత్తుకొచ్చారు. పలకల పెట్టెలు నెత్తిన పెట్టుకుని వెళ్లి, రాళ్లతో తిరిగొచ్చారు. ఒక పిల్ల గుప్పిట్లో పట్టే రాయి తెచ్చింది.

"ఇదేంటే, రాయా, పకోడీయా?" అన్నాడు సరంగు.

"చాలా బరువుంది తాతా. చెయ్యి లాగేసింది."

"అయితే నువ్వే ఎక్కి అడుగున కూర్చో. రాయి దండగ."

పిల్లలు నవ్వారు. ఆ పిల్ల మాత్రం ఇంకో రాయి కోసం వెనక్కి పరుగెత్తింది. సరంగు ఆమె వచ్చేదాకా లంగరు తీయలేదు.

రెండో దీవిలో పిల్లలు తగ్గారు. రాళ్లూ తగ్గాయి.

మూడో దీవిలో ఒడ్డుకు ఎవరూ రాలేదు. బడి తలుపుకు తాళం వేసి ఉంది. తాళం తుప్పుపట్టింది. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలమ్మ తలెత్తకుండానే చెప్పింది:

"మేష్టారు దీవి వదిలిపోయి నెలైంది నాయనా. పిల్లలు ఎండుచేపల షెడ్డుకి పోతున్నారు. అవతలి ఒడ్డున. పొద్దుగూకాక గానీ రారు."

పడవలో ఎక్కువ సరుకు ఈ దీవిదే. అన్ని తరగతుల పుస్తకాలు, కట్టలు కట్టలుగా.

"తాళం కదా బావా. పద పోదాం," అన్నాడు కళాసీ.

"దించు."

"ఎవరికి? తలుపుకి పాఠం చెబుతావా?"

"వాళ్ల కోసం వచ్చినవి. వాళ్ల గుమ్మంలో ఉండాలి."

"సరే, ఉండాలి. నాలుగో దీవి దాకా అడుగునే ఉంచుదాం. బరువన్నా అవుతాయి. మళ్లీసారి వచ్చినప్పుడు దించుదాం."

సరంగు పుస్తకాల కట్ట భుజానికెత్తుకున్నాడు.

"మళ్లీసారి లేదురా. పడవ అమ్మేస్తున్నారు."

కళాసీ ఇంకో కట్ట ఎత్తుకున్నాడు.

"అక్కకి తెలుసా?"

"లేదు."

ఇద్దరూ కట్టలన్నీ మోసి బడి చూరు కింద పేర్చారు. సరంగు పడవలోంచి పాత టార్పాలిన్ ముక్క తెచ్చి పైన కప్పాడు. అది గాలికి లేస్తోంది. భుజం మీది తువ్వాలు తీసి, పొడవునా చీల్చి, రెండు ముక్కలూ కలిపి కట్టల చుట్టూ తిప్పాడు. లంగరు తాడుకు వేసే ముడి వేశాడు.

"ఎవరన్నా ఎత్తుకుపోతే?" అంది ముసలమ్మ.

"చదువుకోడానికే ఎత్తుకుపోతారులే అమ్మా. పోనీ."

అడుగు దాదాపు ఖాళీ అయింది. రాళ్లు ఒడ్డుకు అవతలి కొసన ఉన్నాయి. కళాసీ రెండుసార్లు వెళ్లి చేతికి అందినన్ని తెచ్చాడు. సరంగు ఒకసారి వెళ్లి, మోకాలు పట్టేసి, మధ్యలో రాయి దించి కూర్చున్నాడు. అప్పటికే గాలి మళ్లుతోంది. ఇంకాసేపు ఆగితే ఎదురుగాలి అవుతుంది. ఆ గాలికి నాలుగో దీవి చీకటిలోపు అందదు.

"చాల్లేరా. ఎక్కు."

"చాలదు బావా. ఇంకో నాలుగుసార్లు తిరిగితేగానీ చాలదు."

"పైన రేకులున్నాయిగా, బరువు."

"పైనున్నది బరువా? నీ మొండితనంలాగా అదీ నెత్తికెక్కింది. అడుగున ఏముంది చెప్పు?"

"నువ్వున్నావుగా. అడుగున కూర్చో."

కళాసీ నవ్వలేదు. అయినా ఎక్కాడు. చాప ఎత్తాడు.

దారిలో టిఫిన్ డబ్బా విప్పి చెరిసగం తిన్నారు. సరంగు మోకాలు చాపుకుని, ఇల్లు చేరాక భార్యతో ఏమనాలో బావమరిదిని అడిగాడు. "ఉన్నదున్నట్టు చెప్పు. తిడుతుంది. తిట్టాక అన్నం పెడుతుంది," అన్నాడు కళాసీ. చేపల పడవల్లో పని దొరుకుతుందేమో అడుగుదామనుకున్నారు. ఈ వయసులో సరంగును ఎవరు పెట్టుకుంటారన్న మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు.

పొద్దు వాలుతుండగా నాలుగో దీవి కనిపించింది. ఒడ్డున పిల్లలు వరసగా నిలబడ్డారు. రేకులు మోయడానికి టీచరే నిలబెట్టింది. ఆమె రేకుపెట్టె అప్పటికే సర్ది, బడి గోడల మధ్య పెట్టి ఉంది. పడవ చాప చూసి పెట్టె మూత తెరిచి, చీరలు బయటికి తీయడం మొదలుపెట్టానని ఆమె తర్వాత కళాసీతో చెప్పింది.

దీవికి ముందు నీళ్లు లోతు. అక్కడ పక్కనుంచి గాలి విసిరింది.

"చాప దించు," అన్నాడు సరంగు.

కళాసీ తాడు లాగాడు. అది తెరచాప కొయ్య దగ్గర బిగుసుకుపోయింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. మామూలుగా అయితే అడుగు బరువుకు తిరిగి లేవాలి. లేవలేదు. రేకులు కట్టిన తాళ్లు తెగాయి. రేకులు జారిన వైపే చుక్కాని ఉంది. సరంగు అక్కడే ఉన్నాడు.

కళాసీ నీళ్లలో పడ్డాడు. చేతికి తెడ్డు దొరికింది. "బావా" అని పిలిచాడు. ఒడ్డునుంచి రెండు నాటుపడవలు వచ్చి అతన్ని ఎక్కించుకున్నాయి. చీకటిపడేదాకా చుట్టూ వెతికాయి. టిఫిన్ డబ్బా మూత దొరికింది. సరంగు దొరకలేదు. రేకులతో పాటు పడవా అడుక్కి పోయింది.

మర్నాడు పొద్దున చేపల వ్యాపారి పడవ వచ్చింది. నాటుపడవలు మళ్లీ వెతికి ఖాళీగా తిరిగొచ్చేదాకా అది ఆగింది. టీచరు తన రేకుపెట్టె ఎక్కించింది. పిల్లల్లో ఒకడు, "రాళ్లు ఎవరు తెస్తారు టీచర్?" అని అడిగాడు. ఆమె వాడి తల మీద చెయ్యి పెట్టి, పడవెక్కింది. కళాసీ ఆమె పక్కన కూర్చున్నాడు.

"అక్కకి ఏం చెప్పాలమ్మా?" అని ఒకసారి అడిగాడు.

ఎండుచేపల బస్తాలు ఎక్కించుకోవడానికి పడవ మూడో దీవిలో ఆగింది. కళాసీ దిగి బడి దాకా నడిచాడు. తాళం వేసే ఉంది. చూరు కింద కట్టలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. టార్పాలిన్ కదల్లేదు. దాని చుట్టూ చీల్చిన తువ్వాలు బిగిసి ఉంది. ముడి ఎవరూ విప్పలేదు.