మూయని బ్రాకెట్

ముందే చెప్పుకుంటున్నాను, వత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. యాభై దాటాక పట్టుబడిన అక్షరాలు ఇవి. ఒక్క పేజీకి నాకు ఒక పూట పడుతుంది. చెప్పాల్సింది పెద్దగా లేకపోయినా అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

నాకు అక్షరాలు నేర్పింది మా అక్క కొడుకు. అక్క పోయాక వాణ్ణి నేనే పెంచాను. మా ఆయన పోయాక వాడింట్లోనే ఉన్నాను. వాడిది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా నా పక్కన కూర్చుని పలక మీద దిద్దించేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు.

నేను పుస్తకాలు చదువుకోవడానికి వెళ్ళే సాయంకాలం బడిలో పెద్దవయసు ఆడవాళ్ళకి కంప్యూటర్ తరగతి పెడుతున్నామన్నారు. టీచరమ్మకి సాయంగా ఒక మనిషి కావాలట. చిన్న పరీక్ష పెట్టి తీసుకుంటారట. ఆ కుర్చీ మీద నాకు మనసు పడింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పని ఉంటే నన్ను పిలిచినవాళ్ళే గానీ, పిలిచి కుర్చీ వేసినవాళ్ళు లేరు. వాడికి చెబితే, "నీకెందుకు దిగులు పిన్నీ, నేను నేర్పుతాగా" అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను.

మనం ఒక ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కగానే అప్పటికప్పుడు జవాబిచ్చే ప్రోగ్రాము ఉంటుంది. దాన్ని ఇంటర్‌ప్రెటర్ అంటారు. ఇద్దరు గుమ్మంలో కూర్చుని కబుర్లాడుకున్నట్టే, మనదొక మాట, దానిదొక మాట. మన అక్షరాలతోనే ఆజ్ఞలు రాసే ఇంటర్‌ప్రెటర్ ఒకటి వాడి ఆఫీసువాళ్ళది. దాని పాతరకం మా సాయంకాలం బడిలో ఉంది. కొత్తరకం వాడు తయారుచేస్తున్నాడు. నాకు నేర్పింది దాని మీదే.

అన్నీ నోటితోనే చెప్పేవాడు. 'చూపు' అని కొట్టు, బ్రాకెట్ తెరువు, నీకు కావలసిన లెక్క రాయి, ఎంటర్ నొక్కు. నేను అలాగే చేసేదాన్ని. తెర కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, తర్వాత జవాబిచ్చేది. వాడు తొడ చరుచుకుని "భలే" అనేవాడు. నాకు ఒళ్ళు పొంగిపోయేది. వంటింట్లోంచి కోడలు, "అత్తయ్యా, మాకు కూడా నాలుగు ఉద్యోగాలు మిగల్చండి" అనేది.

ఒక్కోసారి ఆజ్ఞ సగంలో ఉండగా కుక్కర్ కూస్తే లేచి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి వాడు నా సగం రాతను కళ్ళార్పకుండా చూస్తూ ఉండేవాడు. చెడగొట్టానా అని అడిగితే, ఇలాగే రాయి, అస్సలు మార్చుకోకు అనేవాడు. నన్ను ముద్దు చేస్తున్నాడనుకున్నాను.

పరీక్షకి ఇద్దరమే వచ్చాం, నేనూ రిటైరైన ఒక నర్సూ. ప్రశ్న చూడగానే ఇంతేనా అనిపించింది. రాసి, ఎంటర్ నొక్కాను. కింది వరసలో మూడు చుక్కలు వచ్చాయి. జవాబు రాలేదు. ఇంట్లోనూ కాసేపు ఆగుతుంది కదా అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ నొక్కాను. మళ్ళీ చుక్కలు. ఆజ్ఞంతా మొదటి నుంచీ రాశాను. దాని కిందా చుక్కలే. పక్కన నర్సు కీబోర్డు టకటకలాడుతోంది. గడువు అయిపోయింది.

టీచరమ్మ వంగి చూసింది. "బ్రాకెట్ తెరిచి వదిలేశారేంటమ్మా?"

"మూయాలా?"

ఆవిడ నా మొహం కేసి చూసి, నవ్వకుండా చెప్పింది. తెరిచింది మూసేదాకా మన మాట పూర్తి కాలేదని యంత్రం అనుకుంటుందట. మూడు చుక్కలంటే, ఊఁ తర్వాత, అని అడగడమట. ఇది మొదటి రోజు పాఠమట. ఎవరు నేర్పారని అడిగింది. మావాడని చెప్పడానికి నోరు రాలేదు. ఎవరో రాస్తుంటే చూసి నేర్చుకున్నానన్నాను. కుర్చీ నర్సుకి వెళ్ళింది.

దారి పొడుగునా వాడి తరఫున నేనే సంజాయిషీలు చెప్పుకున్నాను. మరిచిపోయి ఉంటాడు. పని ఒత్తిడిలో ఉన్నాడు. లేదా వాడు చెప్పే ఉంటాడు, నా మట్టిబుర్రకే ఎక్కి ఉండదు.

ఇంటికి వచ్చేసరికి వాడు భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు ఉన్నాడు. కోడలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"బ్రాకెట్ మూయాలని నాకెందుకు చెప్పలేదురా?"

వాడి వేళ్ళు ఆగాయి.

"చెబితే నువ్వు మూసేస్తావు కదా పిన్నీ."

తర్వాత నెమ్మదిగా అంతా చెప్పాడు. తప్పు రాసినవాళ్ళకి తప్పని చెప్పడం యంత్రానికి సులువట. సగం రాసి ఆగినవాళ్ళు ఇంకా రాస్తారా, అయిపోయిందనుకుని ఎదురుచూస్తున్నారా అన్నది కనిపెట్టడమే కష్టమట. వాడి ప్రోగ్రాము అది కనిపెట్టి, మూయని బ్రాకెట్‌ను తెర మీద కనబడకుండా తనే మూసి జవాబిచ్చేదట. ఆఫీసులో వాళ్ళందరికీ పద్ధతి తెలుసు కాబట్టి, వాళ్ళు కావాలని సగంలో వదిలితే అది నాటకంలా ఉంటుందట. నేను వదిలితే నిజమట.

"మరి భలే అన్నావు?"

"పని చేసింది కదా, అందుకని."

"ఏది పని చేసింది?"

కోడలు చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని, "నేను చెబుదామనే అన్నాను అత్తయ్యా, ఇంకో వారం ఆగమన్నారు" అంది. అంటే ఇద్దరికీ తెలుసు. నేను పొద్దున్నే దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని పరీక్షకి బయల్దేరుతుంటే ఇద్దరూ గుమ్మం దాకా వచ్చి పంపించారు.

తప్పయిపోయింది, క్షమించు అన్నాడు వాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే చూసేవాడు. నేను కరిగిపోయేదాన్నే. ఇంకొక్క నిమిషం వాడు నోరు మూసుకుని ఉంటే ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉండేదాన్ని.

"పిన్నీ, ఇప్పుడు నీకు తెలిసిపోయింది కాబట్టి అడుగుతున్నా. మీ బడిలో కొత్తగా చేరేవాళ్ళున్నారుగా, ఇంకా ఏమీ తెలియనివాళ్ళు. ఒకరిద్దరిని ఇంటికి తీసుకురాగలవా?"

మళ్ళీ చెప్పమన్నాను. వాడు మళ్ళీ చెప్పాడు, అదే గొంతుతో, పాలు తెమ్మన్నట్టు. ఆ అడగడంలో చెడు ఏముందో వాడికి నిజంగా తెలియలేదు.

తీసుకురానన్నాను. ఆ వారంలోనే గది చూసుకుని వచ్చేశాను. కోడలు సంచీ పట్టుకుని వీధి చివరి దాకా వచ్చింది.

ఇప్పుడు నేను ఆ కంప్యూటర్ తరగతిలో విద్యార్థిని. నర్సు నాకు చెబుతుంది. ఇంజెక్షన్ చేసినట్టు చెబుతుంది, ముందు కాస్త నొప్పి, తర్వాత హాయి. కొత్తగా ఎవరొచ్చినా నా పక్కన కూర్చోబెట్టుకుని, తెరిచినప్పుడే మూసేసి తర్వాత లోపల రాసుకోమంటున్నాను.

మొన్న వాడు వచ్చాడు. టీ ఇచ్చాను. కొత్త ఇంటర్‌ప్రెటర్ బయటికి వచ్చిందట, చాలామంది వాడుతున్నారట. ఇప్పుడది కనబడకుండా మూయడం మానేసి, మీ వాక్యం ఇంకా పూర్తి కాలేదు అని మర్యాదగా చెబుతుందట. ఎవరెవరికో చెబుతోందన్నమాట. మంచిదే అన్నాను.

వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటుంటే అడిగాను, పలక మీద అక్షరాలు దిద్దించావే, అదైనా నా కోసమేనా అని.

"నీ కోసమే పిన్నీ. ఒట్టు" అన్నాడు.

వాడు నిజమే చెప్పి ఉంటాడు. నేనే నమ్మలేకపోయాను.

పలకపిన్ని (వీధిలో అందరూ అలాగే పిలుస్తారు)
వయసు అరవై మూడు
దర్జీ కొట్టు పైన గదిలో ఉంటున్నాను, ఒక్కదాన్నే