పుర్రచేతి పుర్రెలు

మా చెల్లెలు మెదడు మీద పరిశోధన చేస్తుంది. మనుషుల్ని గొట్టం లాంటి యంత్రంలో పడుకోబెట్టి, మాట్లాడేటప్పుడు మెదడులో ఎక్కడ పని జరుగుతుందో బొమ్మలు తీస్తుంది. నేను దర్జీని. ఎడమచేత్తో రాస్తున్నానని మాస్టారు వేళ్ల కణుపులు వాచేలా కొడితే, ఆరో తరగతిలోనే బడికో దండం పెట్టాను. వీధిలో నా పేరు పుర్రచేయి.

మొదట్లో యంత్రంలో పడుకునే మనుషులు దొరక్క చెల్లెలు నన్ను తీసుకెళ్లింది. అక్కడి ఉద్యోగి నాది ఎడమచేతి వాటమని చూసి వెళ్లిపొమ్మన్నాడు. ఎడమచేతివాళ్ల మెదళ్లు ఒక పద్ధతిలో ఉండవట, లెక్క చెడగొడతాయట, అందుకని ముందే ఏరేస్తారట. బడిలో అయింది, ఇక్కడా అయింది. నాకంటే మా చెల్లెలే ఎక్కువ ఉడుక్కుంది. తన చేతికి పని వచ్చాక ఎడమా కుడీ చూడకుండా అందర్నీ పడుకోబెట్టింది.

అందరూ కలిస్తే ఫలితాల గ్రాఫులో గీతలు కలవవు. గీతలు కలవకపోతే పెద్ద సైన్సు పత్రికలు వేసుకోవు. అలా అచ్చయిన దాని పరిశోధన పేపర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. పైగా వాళ్ల లోకంలో, నీ పేపరును ఎంతమంది తమ పేపర్లలో తలుచుకుంటే నువ్వంత గొప్ప. మెచ్చుకున్నా సరే, తిట్టినా సరే, తలిస్తే చాలు. అలాగైతే మీ పెద్దవాళ్లంతా ఎక్కిళ్లతో చావాలే అన్నాను. తనకా భయం లేదంది.

ఈ ఏడు దాని ఉద్యోగం ఖాయం చేయాలా, ఇంటికి పంపాలా అని కమిటీ కూర్చుంది. ముందురోజు, మీటింగుకని కుట్టిన కోటు ఇద్దామని వెళ్తే, చెల్లెలు వాళ్ల విభాగం పెద్దాయన గదిలో ఉంది. తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆయన మెత్తగానే చెబుతున్నాడు. కొత్త పేపరులోంచి ఎడమచేతివాళ్లని తీసేస్తే గీతలు ముచ్చటగా కలుస్తాయట, ఆయనా తన పేరు కలుపుతాడట, ఇక ఉద్యోగానికి ఢోకా లేదట.

"గుప్పెడుమంది కోసం బతుకు పాడుచేసుకుంటావా అమ్మా?"

"పుర్రెకో బుద్ధి అన్నారు సార్. పుర్రచేతివాళ్లకి పుర్రె లేదని ఎవరూ అనలేదు. తీసేయను."

మర్నాడు మీటింగుకి ఆ కోటు వేసుకునే వెళ్లింది. కమిటీ దాని పేపర్లకి 'ప్రభావం లేదు' అని తేల్చి ఇంటికి పంపింది. ఊరి చివర చిన్న కాలేజీలో చేరి, పేపరును ఒక్క తల కూడా తగ్గించకుండా ఎవరూ చదవని పత్రికకు పంపింది. కాస్త సర్దుకుపోతే దాని సొమ్మేం పోయిందని మా బాబాయి సణిగాడు. సర్దుకుపోవడానికి మన వంశంలో నువ్వొక్కడివి చాల్లే బాబాయ్ అన్నాను.

మొన్న ఫోన్ చేసింది. పెద్దాయన ఊరుకోలేకపోయాడట. దాని పేపరంతా తప్పని పెద్ద పత్రికలో ఖండన రాశాడట. ఖండించాలంటే పేరెత్తక తప్పదు కదా, పేజీ పేజీకీ దాని పేరే. ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్లో అసలు పేపరు పంపమని అడుగుతున్నారట.

"అన్నయ్యా, ఎక్కిళ్లొస్తున్నాయి," అంది.

"నీళ్లు తాగవే."

"తాగను. రానీ."