ఉతికిన గుడ్డలు

రాజారత్నానికి ఆసుపత్రులంటే అసహ్యం. ఫినాయిలు వాసన అసహ్యం, చీటీ పట్టుకుని పడిగాపులు కాయడం అసహ్యం, మనిషి మొహం చూడకుండా రాసుకుంటూ పోయే డాక్టర్లంటే మరీ అసహ్యం. భార్య పోయినాక ఇక ఆ గడప తొక్కనని అనుకున్నాడు. చెల్లెలు శకుంతలమ్మ కోసం తొక్కక తప్పలేదు.

మొగుడు పోయినప్పటి నుంచి శకుంతలమ్మ ఐరాల దగ్గరి పల్లెలో అన్న ఇంట్లోనే ఉంటోంది. రెండేళ్లుగా ఆమెకు ఒంటేలు ఆగదు. దగ్గినా తుమ్మినా బిందె ఎత్తినా చీర తడుస్తుంది. రాజారత్నం కోడలు ముక్కు మూసుకుని ఆమె చాపను కట్టెల కొట్టంలోకి జరిపింది. ఆయన కోడలిని ఏమీ అనలేదు. ఆ కంపు ఆయనకూ పడదు.

ఊళ్లో ఏటా భారతం ఉత్సవం జరిగే రోజుల్లో ద్రౌపదమ్మ గుడి ముందు ఆడవాళ్లు చాపలు పరుచుకుని మధ్యాహ్నమంతా హరికథ వింటారు. శకుంతలమ్మ ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి. పోయినేడు మాత్రం అందరికీ వెనక గోడకు ఆనుకుని, పక్కన ఎవరూ లేకుండా నిలబడి వింది. ఆరోజు అది చూసి రాజారత్నానికి ఊరి మీద రోత పుట్టింది. తన మీద కూడా కొంచెం పుట్టిందేమో, దాని గురించి ఆయన ఆలోచించలేదు.

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో ఈ జబ్బున్న ఆడవాళ్లకు మూడు నెలలు మాత్రలిచ్చి, కండరాలు బిగబట్టే కసరత్తు నేర్పి, ఎవరికి ఎంత తగ్గిందో కొలుస్తున్నారని తెలిసి అక్కడికి తీసుకుపోయాడు. మొదటిసారి ఆమెను ఒక రోజు వార్డులోనే ఉంచారు. మెత్తటి గుడ్డ ప్యాడ్లు కట్టుకోమని ఇచ్చి, తడిసినవాటిని నర్సు పట్టుకుపోయి తూచింది. మూడు నెలలైనాక అలాంటి ప్యాడ్లే ఇంటికిచ్చి, ఒక పగలూ రాత్రీ కట్టుకుని కవర్లో ముడేసి తెమ్మన్నారు. తడి బరువు తగ్గకపోతే చిన్న ఆపరేషన్ చేస్తారు. తగ్గితే నయమైనట్టే, ఇంటికి పొమ్మంటారు.

కవరు తెచ్చిన రోజు బస్సులో చంద్రగిరి దాటేసరికి సగం సీట్లు ఖాళీ అయినాయి. శకుంతలమ్మ మాత్రం కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చింది.

ఆసుపత్రిలో అటెండరు ఏబెల్ కవరును రెండు వేళ్లతో ఎత్తి, ముడి విప్పకుండానే తూకం మీద పెట్టి, అంకె చెప్పి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెద్ద డాక్టరు గిరిప్రసాద్ ఆ అంకె చూసి మురిసిపోయాడు. పొడి ప్యాడ్ల బరువూ అంతే. ఒక్క చుక్క కూడా కారలేదన్నమాట. ఇంత మంచి ఫలితం ఇంకెవరికీ రాలేదని, మాత్రలు కూడా ఆపేయొచ్చని అన్నాడు. చిన్న డాక్టరమ్మ ధరణి మాత్రం ఇప్పుడెలా ఉందని శకుంతలమ్మను అడిగింది.

"బాగుండాది తల్లీ," అంది శకుంతలమ్మ.

మందిచ్చిన మనిషి మొహం మీద బాగలేదనడం ఆమెకు చేతకాదు. రాజారత్నం భార్య కూడా అంతే. డాక్టర్లు అడిగినప్పుడల్లా బాగుందనే చెప్పింది. బాగుంది బాగుంది అంటూనే పోయింది.

ఆయనకు ముందురోజు పెరట్లో దడి మీద ఆరేసిన తెల్లటి గుడ్డలు గుర్తుకొచ్చినాయి. అవేమిటో తెలిసి అప్పుడు అసహ్యంగా తల తిప్పుకున్నాడు.

లేచి, తూకం మీది కవరు తీసుకుని ముడి విప్పినాడు. గిరిప్రసాద్ కుర్చీ వెనక్కి జరిపి, ఏం పని అది, ఇన్ఫెక్షన్ వస్తుంది, మూసేయమని కసిరాడు. ఏబెల్ తలుపు దాకా పోయినాడు. రాజారత్నం కవరును బల్ల మీద బోర్లించాడు. గది నిండా కుంకుడుకాయ వాసన కమ్ముకుంది. ప్యాడ్లు తళతళలాడుతూ, అంచుకు అంచు కలిపి మడిచి ఉన్నాయి.

"ఉతికి తెచ్చింది సార్," అన్నాడు. "మీరెవరూ విప్పి సూడరని నాకు తెల్దు."

ఎందుకు ఉతికావని ధరణి అడిగింది. శకుంతలమ్మ మొహం ఎర్రబడింది.

"ఆ కంపుగుడ్డలు డాక్టరమ్మ బల్ల మీదికి ఎట్ల తెస్తారమ్మా ఎవురైనా?"

గిరిప్రసాద్ ఈ పేషెంటును లెక్కలోంచి తీసేస్తే సరిపోతుందని, తర్వాతి మనిషిని పిలవమన్నాడు. కారింది సున్నా అయితే పనికొచ్చింది, సున్నా కాదని తేలేసరికి మనిషే పనికిరాకుండా పోయింది. రాజారత్నం నోట్లో ఉమ్ము ఊరింది. మింగేశాడు. కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

ధరణి కొత్త ప్యాడ్లు తెచ్చి ఇచ్చింది. ఈసారి తడిగానే తెమ్మని చెప్పి, నీకు ఏమైతే బాగైనట్టు అని అడిగింది. అట్లా అడిగిన మనిషి ఇంతవరకూ లేదు. శకుంతలమ్మ కొంగు సర్దుకుంది.

"భారతానికి చాప మీద కూసోవాల. అంతే."

తిరుగుదారిలో ఆమె అన్నకు దూరంగా పోయి నిలబడింది. నలుగురిలో పరువు తీసినాడని కోపం.

మూడోనాడు మళ్లీ తిరుపతి బస్సెక్కినారు. కవరు ముడేసినా వాసన ఆగలేదు. ముందు సీటామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి చూసింది. శకుంతలమ్మ కవరును కొంగు కింద దాచబోయింది. రాజారత్నం ఆ కవరు లాక్కుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. కంపే. ముందు సీటామె కళ్లలోకే చూస్తూ కూర్చున్నాడు, ఆమె తల తిప్పుకునేదాకా.

బరువు మొదటిసారి కంటే ఏమంత తగ్గలేదు. మాత్రలతో అయ్యేది కాదని ధరణి ఆపరేషన్‌కు రాసింది. భారతం మొదలయ్యేలోపల అయిపోతుందని చెప్పింది. గిరిప్రసాద్ ఆ గదిలోకి రానే లేదు.

ఏబెల్ కవరును మళ్లీ రెండు వేళ్లతో ఎత్తబోయినాడు.

"చేత్తో పట్టుకో అప్పా," అన్నాడు రాజారత్నం. "నేను ఐరాల కాన్నించి ఒళ్లో పెట్టుకోనొచ్చినా."

ఏబెల్ చేత్తోనే పట్టుకున్నాడు. ధరణి కుర్చీ చూపించి కూర్చోమంది. శకుంతలమ్మ కుర్చీ వైపు చూసి, పర్వాలేదమ్మా అని, నిలబడే ఉంది.