మూసిన తలుపుల వీధి

పొద్దున్న ఏడున్నరకు వరహాలరావు మేస్టారు చద్దన్నం తిని, చెయ్యి కడుక్కుని, గోడ మీద వరసగా వేలాడే తొమ్మిది పటాలనూ ఒకసారి చూసుకుని, బయటికొచ్చి తలుపుకు తాళం వేసేవాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. లోపల భార్య పైడితల్లి ఉండేది. నాలుగేళ్ళుగా ఇదే వరస.

జీలుగుపుట్టు పెదబయలుకు నాలుగు మైళ్ళ దూరంలో కొండ మీద ఉన్న పల్లె. ముప్పై గడపలు, ఒక్క గది బడి, దాని పక్కన మేస్టారికి పెంకుటిల్లు. ఆయన డెబ్భై నాలుగులో అక్కడికి వచ్చాడు. "వచ్చాను" అనేవాడు కాడు, "ఏజెన్సీకి తోసేశారు" అనేవాడు. బదిలీ కోసం పదకొండు అర్జీలు పెట్టుకున్నాడు. బళ్ళో పాఠం చెప్పేటప్పుడు కూడా ఆయన కళ్ళు కిందికి దిగే దారి మీదే ఉండేవి. జీతం తీసుకునే చోట మనసు పెట్టకపోవడం ఒక రకం దొంగతనమే. ఆయనకు ఆ మాట చెప్పేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

ఆ పటాలు ఆయన తాతవి. తాత విశాఖపట్నం పాత ఊళ్ళో ఒక ఫొటోగ్రాఫరు దగ్గర పనిచేసి, తానుండే ఓడల వీధిని తొమ్మిది చోట్ల నుంచి ఫొటో తీశాడు. ఉప్పు కొటారు, సముద్రం వైపు దిగే మెట్ల సందు, కర్ర కటకటాల మేడలు, చర్చి గంటగోపురం, ఆఖరి పటంలో తాత సొంత మేడ. వరహాలరావు పుట్టక ముందే రోడ్డు వెడల్పు చేయడానికి ఆ మేడను పడగొట్టారు. ఆయన దానిని పటంలో తప్ప చూసి ఎరగడు. అయినా "మా మేడ" అనే అనేవాడు.

పటాల్లోని వీధిలో రోజూ పొద్దు పొడిచేది, గుంకేది. మధ్యాహ్నానికి నీడలు గోడల కిందికి చేరేవి. అక్కడ వాన పడితే ఇక్కడ గోడ సున్నం తడిసేది. పైడితల్లి మెట్ల సందు పటం కింద గిన్నె పెట్టేది. ఉప్పుగాలికి అద్దాల మీద తెల్లటి పొర కడితే వారానికోసారి తడిగుడ్డతో తుడిచేది. చోడి పంట కోతలకు ముందు ఊరివాళ్ళు కిటికీ దగ్గరకొచ్చి ఆమెను అడిగేవారు.

"మేస్టరమ్మా, సముద్రం కాడ ఎలగుంది?"

"మబ్బేసీసింది. రెండ్రోజులు ఆగండి."

ఆగేవారు. మర్నాటికే గాలివాన కొండెక్కేది.

వచ్చిన మొదటి నెలలో పైడితల్లి ఊరి ఆడవాళ్ళతో గెడ్డకు నీళ్ళకు వెళ్ళి, తడిసిన చీరతో నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. మేస్టారు అది చూశాడు. మర్నాటి నుంచి తాళం పడింది. "నీ మేలుకేనే, ఈ జనం మనలాటోళ్ళు కారు" అన్నాడు. ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. నీళ్ళు తానే మోసుకొచ్చేవాడు. అందుకని ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేదు. కానీ మెత్తటి మాటతో వేసినా తాళం తాళమే.

పైడితల్లిది సాలూరు దగ్గర రైతు కుటుంబం. ఎనిమిదో తరగతి ప్యాసైంది. పొద్దంతా ఆ గదిలో ఆమె చెయ్యవలసిన పని గంటలో అయిపోయేది. మిగతా పొద్దు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది, లేకపోతే పటాల్లోని వీధి చూస్తూ కూచునేది. ఆ వీధిలో కూడా తలుపులన్నీ మూసే ఉండేవి.

టీకాల నర్సు దెబోరా నెలకోసారి ఆ ఊరు వచ్చేది. పైడితల్లికి కిటికీలోంచే సూది వేసేది.

"చెయ్యి ఇలా పెట్టమ్మా. జైల్లో ఖైదీలకైనా లోపలికెళ్ళి వేస్తాను. ఊచల్లోంచి వేయించుకునేదానివి నువ్వొక్కదానివే."

పాడేరులో గిరిజన సంక్షేమం వాళ్ళు బాలవాడీ టీచర్లను తీసుకుంటున్నారని చెప్పింది ఆవిడే. దరఖాస్తు తెచ్చి సంతకం చేయించుకుని పట్టుకెళ్ళింది కూడా ఆవిడే. బుధవారం నాడు ఉత్తరం తెచ్చి ఊచల మధ్య నుంచి అందించింది. శుక్రవారం పదకొండు గంటలకు పాడేరు రావాలని అందులో ఉంది.

"ఈసారి పోతే మళ్ళీ రెండేళ్ళ దాకా తియ్యరు. ఎలాగైనా రా" అని చెప్పి వెళ్ళిపోయింది.

దాచుకోవడం పైడితల్లికి చేతకాదు. ఆ సాయంత్రం భర్తకు అన్నం వడ్డించి, ఉత్తరం పక్కన పెట్టింది. ఆయన చదివాడు.

"ఎవర్నడిగి పెట్టేవు?"

"అడిగితే వొద్దంటారని పెట్టీసేను. ఇప్పుడడుగుతున్నాను."

"నీకిక్కడ ఉద్యోగమైతే నా బదిలీ ఏటవుతాది? మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కుదురుకున్నారని నా ఫైలు కట్టీసి అటక మీద పడేస్తారు. ఇద్దరం ఈ కొండ మీదే మట్టైపోవాల."

"మీరు బడికైనా ఎళ్తారు. నాను ఈ గదిలోనే మట్టైపోతన్నాను కదండీ."

ఆయన ఉత్తరం మడిచి ఆమెకే ఇచ్చేశాడు. మొలలో తాళంచెవి ఉండగా ఉత్తరం ఎవరి దగ్గరుంటేనేం?

గురువారం పొద్దున్న గంగ కిటికీ దగ్గరకొచ్చింది. ఊరిపెద్ద సోంబరు భార్య. అరవయ్యేళ్ళుంటాయి. ఒడిలో చిక్కుడుకాయలు తెచ్చింది. పైడితల్లి ఎర్రటి కళ్ళు చూసి, ఏమైందని అడగకుండా, కాయలు ఊచల్లోంచి లోపల పోసింది. తర్వాత పటాల వంక చాలాసేపు చూసింది.

"ఆ ఊళ్ళో మనుసులేరే? నాలుగేళ్ళుగా సూత్తన్నాను. ఒక్క కుక్కయినా నేదు."

దానికి కారణం పైడితల్లికి తెలుసు. తాత రోజుల్లో కెమెరా మూత చాలాసేపు తీసి ఉంచాలి. కదలని గోడలూ మేడలే పడతాయి, నడిచే మనుషులు పడరు. భర్త ఒకసారి చెప్పాడు. ఆమె ఆ సంగతి చెప్పబోయింది. అప్పటికే గంగ నిర్ణయానికి వచ్చేసింది.

"పెద్దరోగం వొచ్చుంటాది. ఊరొగ్గీసి ఎల్లిపోనారు."

గంగకు వేరే ఆలోచన వచ్చే వీలు లేదు. ఆ కొండల్లో రోగం వచ్చి మనుషులు వరసగా పోతే, మిగిలినవాళ్ళు ఊరే వదిలేసి ఇంకో వాలుకు తరలిపోయేవారు. వెళ్ళేటప్పుడు మాత్రం ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంటి తలుపూ మూయకూడదు. ఊళ్ళో పెద్దావిడ గడప గడపకూ పసుపునీళ్ళు చల్లి, ఇంట్లో చనిపోయిన పెద్దలకు సెలవిచ్చి వెళ్ళాలి. తలుపు మూసి వెళ్తే ఆ పెద్దలు లోపలే చిక్కుకుపోతారు.

"తలుపులేసీసి ఎల్లిపోనారు, బుద్దిలేనోళ్ళు! లోపలున్నోళ్ళ గతేటి?"

"అప్పా, అది రోగం కాదప్పా. ఆ కెమెరా..."

"నువ్వూరుకో గుంటా. ఊరొగ్గడం నువ్వెప్పుడైనా సూసేవా? నాను మూడుసార్లు సూసేను. పసుపునీల్లట్టుకురా."

పైడితల్లి ఇంకోసారి చెప్పి చూసింది. గంగ వినలేదు. పెద్దావిడ అడిగితే నీళ్ళు ఇవ్వకుండా ఉండడం మర్యాద కాదని గిన్నెలో పసుపు కలిపి తెచ్చి అందించింది. గంగ ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి, తొమ్మిది పటాల వైపూ తొమ్మిది పుడిసిళ్ళు చల్లింది.

"మేం ఎల్లిపోతన్నాం. మీరూ ఎల్లండి. తలుపు తీసేను."

గిన్నె తిరిగిచ్చి, చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, పనికి వెళ్ళిపోయింది.

పైడితల్లి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూచుంది. మొదట ఉప్పు కొటారు పెద్ద తలుపు తెరుచుకుంది. తర్వాత మెట్ల సందులో రెండు. తర్వాత కటకటాల మేడలు ఒకదాని వెనక ఒకటి. చర్చి తలుపు కొంచెం బిగిసి ఉన్నట్టుంది, ఆలస్యమైంది. కాయలు అయిపోయేసరికి తాత మేడ కూడా తెరుచుకుంది. ఆమె లేచి పొయ్యి రాజేసింది.

ఆ సాయంత్రం మేస్టారు వచ్చి లోపలి గడియ వేస్తే గడియ జారిపోయింది. ఇనప్పెట్టె మూత పడలేదు. గూటి తలుపు దగ్గరకు నొక్కితే మళ్ళీ తెరుచుకుంది. శుక్రవారం పొద్దున్న బయట తాళం వేశాడు, అది నోరు తెరిచింది. ఇంకో తాళం తెచ్చాడు, అదీ అంతే. తాడు కట్టాడు, ముడి విడిపోయింది. దారిన పోతున్న సోంబరు ఆగి చూశాడు.

"అక్కడ తలుపులు తెరుసుకున్నాక ఇక్కడెలా మూసుకుంటాయి బాబూ?" అని, తన దారిన పోయాడు.

పైడితల్లి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఉత్తరం చేత్తో పట్టుకుని గడప దగ్గరకు వచ్చింది. మేస్టారు రెండు చేతులూ ద్వారబంధాలకు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎళ్ళనివ్వండి. నడిచెళ్ళాల. పెదబయల్లో సంత జీపు తొమ్మిదికే కదిలీసుద్ది."

"కదలనీ. నేను సాయంత్రం దాకా ఇక్కడే నిలబడతాను."

"బడి పిల్లలొచ్చి కూచున్నారండి."

"కూచోనీ."

తాళం లేకపోతే మనిషే తాళమవుతాడని అప్పుడామెకు అర్థమైంది. వెనక్కి తిరిగి గోడకు ఆనుకుంది.

అప్పుడు పటాల్లోంచి గాలి వీచింది. తొమ్మిదింటిలోనూ తలుపులు తెరిచి ఉన్నాయి కనక గాలికి అడ్డు లేదు. ఉప్పువాసనతో పాటు ఆఖరి పటంలోంచి వేగుతున్న చేపల వాసన వచ్చింది. మేస్టారు ఆమె భుజం మీదుగా అటు చూశాడు. తాత మేడ ద్వారంలోంచి లోపల మెట్లు కనబడుతున్నాయి. మెట్ల పక్క కొక్కేనికి ఒక గొడుగు వేలాడుతోంది. దాని మొన నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఎవరో అప్పుడే వానలోంచి ఇంటికొచ్చారు.

ఆయన చేతులు ద్వారబంధాలను వదిలేశాయి. భార్యను దాటుకుని పటం దగ్గరకు నడిచాడు. అద్దానికి ముక్కు ఆనించి, మెట్ల పైకి చూడబోయాడు.

"తాతా?" అన్నాడు.

పైడితల్లి దొంగలా జారుకోలేదు. గడప మీద నిలబడి, "ఎళ్ళొస్తానండి" అంది.

"ఊ" అన్నాడాయన, వెనక్కి తిరగకుండా.

ఆ రోజు బడి జరగలేదు. పిల్లలు మధ్యాహ్నం దాకా చూసి ఇళ్ళకు పోయారు. అది ముమ్మాటికీ తప్పు. ఎన్నడో పడగొట్టిన మేడ కోసం ఉన్న పిల్లలను వదిలేసిన మనిషిని ఏ అధికారి బదిలీ చేసినా ఎక్కడికీ పోలేడు.

పైడితల్లి నాలుగు మైళ్ళూ ఆగకుండా నడిచింది. నాలుగేళ్ళుగా నడక లేని కాళ్ళు వాచాయి. జీపులో అల్లం బస్తాల మీద చోటు దొరికింది. పాడేరు చేరి, ఆఫీసు ఎక్కడో అడుగుతూ వెళ్ళేసరికి పేరు పిలుస్తున్నారు. తెలుగు చదివించారు, లెక్క ఒకటి చేయించారు. తర్వాత అధికారి కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీశాడు.

"రాయిగెడ్డలో ఒక్కటే ఖాళీ ఉందమ్మా. అక్కడే కాపురముండాలి. కేంద్రానికి ఇల్లయితే కట్టారు గానీ తలుపు బిగించలేదు. వడ్రంగి వానలు వెలిస్తే గానీ కొండెక్కనన్నాడు. ఇప్పటికి ఇద్దరు ఆడవాళ్ళు అందుకే వద్దని వెళ్ళిపోయారు. మీరు ఉండగలరా?"

"ఉంటానండి."

"బేగి రమ్మని ఆ వడ్రంగికి కబురు పెడతాను లెండి."

పైడితల్లి కలం అందుకుని, ఆయన చూపించిన చోట సంతకం చేసింది.

"వొద్దు బాబూ" అంది. "ఆయన్ని తొందరపెట్టకండి."