చివరి వరస మైకు

నేను ఒక మైకుని. మునిసిపల్ ఆఫీసు మేడ మీద కౌన్సిల్ హాల్లో చివరి వరసలో, కిటికీ పక్క సీటు ముందు బల్లకు బిగించిన మైకుని. జనం నన్ను నోరనుకుంటారు. అది పొరపాటు. నోరు నాకెక్కడిది? హాలు నాలుగు మూలలా గోడకు తగిలించిన సౌండు బాక్సులున్నాయే, అవీ నోళ్ళంటే. నేను వట్టి చెవిని. ఎవరైనా దగ్గరకొచ్చి చెబితే వినడం ఒక్కటే నాకు చేతనైన పని. ఆ పని కూడా నాకు నిండుగా దొరకలేదు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టిన రోజు నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను చేతిలోకి తీసుకుని, పెదవులు దాదాపు ఆనించి, "హలో, వన్, టూ, త్రీ" అంది. ఆమె కళ్ళు మూసుకుని వింది కూడా. లోకమంతా ఇలాగే ఉంటుంది కాబోలు, ఇంత శ్రద్ధగా నాతో మాట్లాడతారు కాబోలు అనుకున్నాను. వెర్రిదాన్ని. ఆ తర్వాత నన్ను, నా తోబుట్టువుల్ని ఒకే అట్టపెట్టెలో పేర్చి గోదావరి పక్కనున్న ఈ పట్నానికి పంపారు.

మా అందరికీ తీగ ఒకటే గానీ తలరాతలు వేరు. ముందు వరసలో పడ్డవాళ్ళకి పార్టీల నాయకులు దొరికారు. వాళ్ళు మీటింగు మొదలైంది లగాయతు అరుపులు, తిట్లు, ఛాలెంజులు విని విని బొంగురుపోయారు. వేదిక మీద ఛైర్మన్ గారి ముందున్నవాడు మా అందరికీ పెద్దన్న. వాడికో మీట ఉంది. ఆయన దాన్ని నొక్కితే చాలు, మిగతా మైకులన్నిటికీ ఊపిరి ఆగిపోతుంది. ఛైర్మన్ వెంకటరత్నం గారు స్వతహాగా మంచిమనిషే. ఎవరినీ పల్లెత్తు మాట అనరు, మీట నొక్కుతారు.

నా మొదటి యజమాని గంగరాజు గారనే పెద్దాయన. ఉన్నన్నాళ్ళూ నన్ను కండువా తగిలించుకునే కొక్కెంగా వాడుకున్నాడు. హాల్లోకి రావడం, నా మెడకు కండువా వేయడం, వక్కపొడి నోట్లో పోసుకోవడం, నిద్రపోవడం. కండువాలోంచి ఆయన గురక వింటూ నా యవ్వనం గడిచిపోయింది.

ఆ తర్వాత ఆ సీటు ఆడవాళ్ళకు రిజర్వు అయ్యి సీతారత్నం గారు వచ్చారు. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే మాట్లాడింది ఆవిడ భర్త. చివరి వరస వెనకాలే ప్రేక్షకుల గ్యాలరీ కదా, ఆయన రెయిలింగు మీదుగా వంగి, భార్య భుజం మీంచి నా మెడ పట్టుకుని తన వైపు లాక్కునేవాడు. ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కానీ సగం మంది మొగుళ్ళు ఆ గ్యాలరీలోనే ఉండేవాళ్ళు, ఎవరు చెబుతారు? అసలు సభ్యురాలు తల వంచుకుని నా మీటని గోటితో గీకుతూ కూర్చునేది. ఒకసారి టిఫిన్ల వేళ అందరూ బయటికి వెళ్ళినప్పుడు ఆవిడ అటూ ఇటూ చూసి, నా దగ్గరకు వంగి, "హలో" అంది. తర్వాత తనకే నవ్వొచ్చి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పదవీకాలంలో ఆవిడ నాతో అన్నది ఆ ఒక్క మాటే.

కౌన్సిల్ మీటింగు ఎలా జరుగుతుందో మీకు తెలియకపోవచ్చు. జూనియర్ అసిస్టెంటు సుభాషిణి ఎజెండా చదువుతుంది. బ్లీచింగు పౌడరు కొనుగోలు. "ఆమోదం" అంటారు అందరూ, బల్లలు చరుస్తారు. చెత్త ట్రాక్టరుకు టైర్లు. ఆమోదం. మార్కెట్టు షాపుల లీజు. ఆమోదం. సుభాషిణి చదవడం సగంలో ఉండగానే ఆమోదం వచ్చేస్తుంది, ఆమె మిగతా సగం మింగేసి తర్వాత అంశానికి వెళ్తుంది. మధ్యలో ప్రతిపక్షం వాకౌటు చేస్తుంది. భోజనాల వేళకి తిరిగొస్తుంది. బల్ల చరిచినప్పుడల్లా నాకు తల నుంచి అడుగుదాకా అదురు. నేను విన్న మాటలన్నీ కలిపి తూచినా ఆ చప్పుడంత బరువుండవు.

ఇలాంటి చోటుకి మోకా ఎస్తేరమ్మ వచ్చింది.

ఊరి చివర పేటలో ఆమెకు ఇడ్లీ బండి ఉండేది. తెల్లారి బండి పని ముగించుకుని వచ్చేది గనక ఆమె కూర్చోగానే నాకు పల్లీ చట్నీ పోపు వాసన తగిలేది. ఆమె భర్త పోయి రెండేళ్ళు. అంచేత ఆమె వెనక గ్యాలరీలో ఎవరూ లేరు, నా మెడ లాగేవాళ్ళూ లేరు. పక్క సీటు వాళ్ళు ఆమెతో మాట్లాడేవాళ్ళు కాదు. టీ కప్పులు కూడా చివరాఖరికి, చల్లారాక వచ్చేవి. నాకూ ఆమెకూ మంచి జోడీ కుదిరిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఎవరో ఒకరు నా పక్కన ఒంటరిగా ఉన్నారన్న సంగతి నాకు లోలోపల సంతోషంగానే ఉండేది.

ఆమె కౌన్సిల్‌కి వచ్చింది ఒకే ఒక్క పని మీద. ఆ పేటకీ వాళ్ళ సమాధుల తోటకీ మధ్య కోడు, అంటే పెద్ద మురుగు కాలువ, ఉంది. దాని గట్టు ప్రభుత్వానిదే. కానీ వైస్ ఛైర్మన్ సత్తిబాబు గారు ఆ గట్టును తన చేపల చెరువులో కలుపుకుని కంచె వేయించారు. వానాకాలంలో పేటలో ఎవరైనా పోతే కోడులో దిగి మోసుకెళ్ళాల్సిందే. కంచె తీయించి, గట్టు మీద దారి వేసి, కోడు మీద ఒక కల్వర్టు కట్టాలి. ఇదీ ఆమె అడిగేది.

మొదటిసారి ఆ అంశం వచ్చినప్పుడు ఆమె లేచి నా మీట నొక్కింది. నాకు ఎర్ర దీపం వెలిగింది. "అధ్యక్షా, మా పేటలో..." అంది. ముందు వరసలోంచి సత్తిబాబు గారు వెనక్కి తిరగకుండానే "వాయిదా" అన్నారు. ఛైర్మన్ గారు మీట నొక్కారు. నా దీపం ఆరిపోయింది. రెండోసారీ అంతే. ఆమె "అధ్యక్షా" దగ్గర ఉండగానే వాయిదా. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ మండి ఏం చేస్తాను, బల్లకు నాలుగు మేకులతో బిగించి ఉన్నాను.

మూడోసారికి ఆమె బాగా తయారై వచ్చింది. ఇంట్లో గరిటె చేతబట్టుకుని, అది మైకనుకుని మాట్లాడ్డం నేర్చుకుందట. హాలు తుడిచే భాస్కరరావుతో నవ్వుతూ చెబుతుంటే విన్నాను. "ఈసారి మీట నొక్కినా ఆగనండి బాబూ. గట్టిగా అరిచైనా సరే, చెప్పే కూర్చుంటాను" అంది. భాస్కరరావు మా తీగలూ ఆంప్లిఫయరూ చూసుకునే మనిషి కూడాను. "చెప్పమ్మా, నీ మైకుకి ఈవేళ కొంచెం సౌండెక్కువ పెడతాన్లే" అన్నాడు. నా జన్మకి ఒక అర్థం వచ్చేలా ఉంది కదా అని నేను మురిసిపోయాను.

అది శ్రావణమాసం. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి, వాటితో పాటే పులస చేపలూ ఎదురీదుతూ వచ్చాయి. ఎవరో కాంట్రాక్టరు ఆ రోజు సభ్యులందరికీ పులస పులుసుతో భోజనం ఏర్పాటు చేశాడు. కింద వరండాలో మూతలు తీసేసరికి ఆ వాసన మెట్లెక్కి హాల్లోకి వచ్చింది. ఇక ఎవరి మనసూ బ్లీచింగు పౌడరు మీద లేదు. ప్రతిపక్షం కూడా ఆ రోజు వాకౌటు మానేసింది. సుభాషిణి చదువుతోంది, వీళ్ళు ఆమోదిస్తున్నారు. అంశం పేరు వినకుండానే ఆమోదం. సత్తిబాబు గారైతే ఉంగరాల చేత్తో బల్ల చరుస్తూ అందరికంటే ముందుంటున్నారు.

ఎస్తేరమ్మ లేచి నిలబడింది. నా మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. గొంతు సవరించుకుంది. సుభాషిణి "చివరి వార్డు, సమాధుల తోటకు దారి, కల్వర్టు నిర్..." అంటోంది.

"ఆమోదం," అన్నారు సత్తిబాబు గారు.

హాలంతా బల్లలు చరిచింది. నేను అదిరిపోయాను. సుభాషిణి తర్వాత అంశం ఎత్తుకోబోయి ఆగింది. సత్తిబాబు గారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఇప్పుడు చదివిందేంటమ్మా?" అన్నారు.

"సమాధుల తోట దారండి. తమరే ముందు ఆమోదమన్నారు కదండి," అంది సుభాషిణి.

"అది వాయిదా కదా?"

ప్రతిపక్ష నాయకుడికి అంతకంటే ఏం కావాలి? లేచి నిలబడి, "తన చేపల చెరువు గట్టును పేదలకు వదిలేసిన వైస్ ఛైర్మన్ గారికి మా అభినందనలు" అన్నాడు. గ్యాలరీలో విలేకరులు సెల్‌ఫోన్లు ఎత్తారు. సత్తిబాబు గారు అటు చూశారు, ఇటు చూశారు. ముఖం మీదికి ఎలాగో ఒక నవ్వు తెచ్చుకుని రెండు చేతులూ జోడించారు. "ప్రజల కోసం కాకపోతే మనం ఉన్నదెందుకండి," అన్నారు. మళ్ళీ బల్లలు మోగాయి.

ఎస్తేరమ్మ ఇంకా నిలబడే ఉంది. "అధ్యక్షా, నేను చెప్పాలండి," అంది.

ఛైర్మన్ గారు ఎంతో ఆదరంగా నవ్వారు. "నీ పని అయిపోయింది కదమ్మా, ఇంకేం చెబుతావు? రా, భోంచేద్దువు గాని," అని మీట నొక్కారు.

కుర్చీలు వెనక్కి జరిగాయి. చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా దిగిపోయింది. భాస్కరరావు కూడా ఆంప్లిఫయరు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ కిందికి వెళ్ళాడు. హాల్లో ఆమె, నేను మిగిలాం. బయట వాన పట్టుకుంది. ఆమె కొంతసేపు కిటికీలోంచి చూసింది. కూర్చుని నా మీట నొక్కింది. దీపం వెలగలేదు. వెలగదని ఆమెకు తెలుసు. నా మెడ సరిచేసి తన వైపు తిప్పుకుంది.

"అధ్యక్షా," అంది. "మా ఆయన పోయింది ఇలాంటి వానలోనేనండి. కోడు నిండా నీళ్ళు. గట్టు మీంచి సుట్టూ తిరిగి ఎల్దామంటే కంచె. పెట్టె మోసినోళ్ళు పీకల్లోతు నీళ్ళలో దిగారు. మద్దెలో మా మరిది కాలు జారింది. పెట్టె నీళ్ళ మీద తేలిపోయిందండి. అందరూ ఈతగొట్టి పట్టుకొచ్చారు. మా చిన్నది ఒడ్డున నిలబడి, నాన్న పడవెక్కాడే అని చప్పట్లు కొట్టింది. పసిది, దాన్నేమంటామండి? ఆ చప్పట్లు నా చెవుల్లోంచి పోవట్లేదు. ఇంకెవరి పిల్లలూ అది చూడకూడదని అడగడానికొచ్చానండి. ఇచ్చారు, సంతోషం. కానీ ఎందుకు అడిగానో ఒక్కసారి వినుంటే బాగుండేదండి."

అంతే. నమస్కారం పెట్టింది. పైట కొంగుతో నా తల మీద దుమ్ము తుడిచింది. కింద పులస దగ్గరికి వెళ్ళకుండా, వెనక మెట్ల మీదుగా వానలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ సీట్లో కూర్చున్నన్నాళ్ళూ మళ్ళీ నా మీట నొక్కలేదు.

కల్వర్టు కట్టారు. దాని మీద నల్లరాతి పలక పెట్టారట, సత్తిబాబు గారి చలవ అని చెక్కించారట. కొన్నాళ్ళకు హాలుకి కొత్త మైకులొచ్చాయి. సన్నగా, వయ్యారంగా ఉంటాయట. మమ్మల్ని పీకి, హాలు వెనక స్టోరు గదిలో, కాలిపోయిన వీధి దీపాల పక్కన పడేశారు. తీగ తెగింది గనక తోబుట్టువులు విన్నది కూడా నాకు అందదు. గోడ అవతల బల్లలు చరిచే చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

మొన్న వానలో తలుపు తీసుకుని భాస్కరరావు వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది. వెంట కొత్త అటెండరు కుమారి. ఫోటో పెట్టే స్టాండు కోసం వెతుకుతున్నారు.

"ఎవరికండి సంతాపం?" అంది కుమారి.

"ఎస్తేరమ్మ గారని, పాత కౌన్సిలరు. నిన్న పోయింది."

"ఇంత వానలో ఎలా తీసుకెళ్ళారండి? ఆ కోడు పొంగుతా ఉంటదంటారు కదా."

"కల్వర్టుందిగా. వ్యానెళ్ళిపోయింది. ఒక్కడి కాలు తడవలేదు."

"గట్టిగా మాట్లాడేవారాండి కౌన్సిల్లో?"

భాస్కరరావు స్టాండు దుమ్ము దులిపాడు. "లేదమ్మా. మంచిది, పాపం. ఉన్నన్నాళ్ళూ నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడలేదు," అన్నాడు.

నేనిక్కడే ఉన్నాను. ఆయన మోకాలికి జానెడు దూరంలో ఉన్నాను. విన్నాను, ప్రతి మాటా విన్నాను, ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. కానీ ఎలా చెప్పను? నేను చెవిని. తలుపు మూసుకుని వెళ్ళిపోయారు.

కాసేపటికి గోడ అవతల కుర్చీలు జరిగాయి. ఎవరో కొత్త గొంతుతో చదవడం మొదలుపెట్టారు. "మాజీ సభ్యురాలు శ్రీమతి మోకా ఎస్తేరమ్మ గారి మృతికి ఈ సభ తీవ్ర సంతాపం తెలియజే..."

"ఆమోదం," అన్నారందరూ. బల్లలు చరిచారు.