నిదానం పోలికలు

కొట్టం కడగాలి. పడ్డల ఒళ్ళు తోమాలి. మెడ పలుపులు ఉతికి ఆరెయ్యాలి. ఆంబోతుకు ముకుతాడు మార్చాలి. డాక్టరుగారికి కుంటకుండా నిలబడే కుర్చీ ఒకటి వెతకాలి.

ఆ రోజు పొద్దున్నే మా పెద్దమ్మ నాకు అప్పజెప్పిన పనులివి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే, అదీ పశువుల పెంపకంలో. అంతమాత్రాన పేడ ఎత్తే పనేమీ తగ్గలేదు.

వస్తున్నది పాల సంఘం పశువుల డాక్టరు. మా ఆంబోతు కూతుళ్ళైన ఈ పడ్డలన్నీ ఒకే తీరుగా ఉంటే దాన్ని సంఘం తీసుకుంటుంది, చుట్టుపక్కల మందలన్నిటికీ దాని సంతానం అందుతుంది. లేదంటే పెద్దమ్మ ఇన్నేళ్ళ శ్రమ మా గుమ్మం దాటదు.

ఆ శ్రమంతా ఒక్క ఆవు కోసం. దాని పేరు నిదానం. ఎవర్నీ తన్నేది కాదు, పాలు ఎగ్గొట్టేది కాదు, పితికేవాళ్ళ మోచెయ్యి నాకుతూ నిలబడేది. అది పోయాక దాని గుణం చెదిరిపోకుండా, ఆ వంశంలోనే దూరపు వరస చూసి జత కలుపుతూ వచ్చింది పెద్దమ్మ. ఈ ఆంబోతూ ఆ వంశంలోదే. తండ్రికి కూతుర్ని, అన్నకు చెల్లెల్ని ఎన్నడూ కలపలేదు. బలహీనంగా పుట్టినదాన్ని వంశం పేరు చెప్పి వెనకేసుకురాలేదు. నా పుస్తకాల్లో దీనికో అధ్యాయముంది. ఆవిడకు పెరుగు తోడేసే మాట ఒక్కటి చాలు: "తోడు అదే ఉండాలి, పాలు మారుతుండాలి."

పనులన్నీ శ్రద్ధగా చేశాను. చిక్కంతా అక్కడే వచ్చింది. మేం పడ్డల్ని గుర్తుపట్టేది మెడ పలుపు రంగును బట్టి. చెవి బిళ్ళలేమో సంఘం ఎంచుకున్నాక గానీ వెయ్యరు. పలుపులన్నీ తీగ మీద ఆరుతున్నాయి.

డాక్టరుగారు కుర్చీ వద్దని, ఒక్కోదాన్నే తెమ్మని టేపు తీశారు. పెదనాన్న బయటికి తెస్తుంటే, కొలిచినదాన్ని నేను వెనక తలుపు గుండా లోపలికి తోలుతున్నాను. కాసేపటికి ఆయన టేపు చుట్టేసి, ఇందాకటిదాన్నే మళ్ళీ తెచ్చారేమని అడిగారు. కాదని పెదనాన్న, అవునేమోనని నేను. ఆయన మొహం ముడుచుకుంది. మంచిదాన్నే తిప్పి తిప్పి చూపించేవాళ్ళు ఆయనకు కొత్త కాదట.

పెద్దమ్మ దాచలేదు. "తెచ్చే ఉంటాం బాబూ. పలుపు లేకపోతే ఏది ఏదో మాకే తెలీదు. అన్నిటినీ వదులుతాను, ఇందాక కొలిచింది ఏదో మీరే చెప్పండి," అని తలుపు బార్లా తీసింది.

పడ్డలు వచ్చాయి. అవే కొమ్ములు, అదే నడుము, అదే తొందరలేని నడక. డాక్టరుగారు ఒకదాని దగ్గర ఆగి ఇదే అన్నారు. పక్కదాని దగ్గర ఆగి, కాదు ఇదే అన్నారు. ఈలోపు ఒకటి ఆయన మోచెయ్యి నాకింది. ఇంకొకటి రెండో మోచెయ్యి అందుకుంది. మూడోది తన వంతు కోసం ఓపిగ్గా నిలబడింది.

ముందు పెదనాన్న నవ్వారు. తర్వాత డాక్టరుగారు, చొక్కా చేతులు పిండుకుంటూ.

"ఆంబోతును తీసుకుంటున్నామమ్మా," అన్నారు. "వీటికి మాత్రం ఇవాళే బిళ్ళలు వేసేస్తాను. లేకపోతే మీతోపాటు నాకూ పిచ్చెక్కుతుంది."

ఇంత చదువు చదివి పలుపులన్నీ ఒకేసారి ఉతికావేమే అని పెదనాన్న నన్ను దెప్పారు. ఉతకబట్టే ఒప్పుకున్నారని పెద్దమ్మ నన్ను వెనకేసుకొచ్చింది. ఆ సాయంత్రమంతా ఆవిడ మొహంలో నవ్వు చెరగలేదు.

ఎక్కడైనా ఒక ఆవు మీ మోచెయ్యి నాకితే చెయ్యి వెనక్కి తీసుకోకండి. మా పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి.